మండువ కల్లు, మందుల చీటీ



అల్లుడూ, జగిత్యాలలో మందుల దుకాణం తెరిచావని మీ అమ్మ చెప్పింది. పొద్దున్నే వణికే చేతులతో వచ్చి “రెండు నిద్ర గోళీలియ్యి సేటూ” అనేవాళ్లు నీకూ తగులుతారు. వాళ్లను కసిరే ముందు 2015 సంగతి తెలిసుండాలి.

ఈతచెట్టు, తాటిచెట్టు ఇచ్చే కల్లు కొంతే, తాగేవాళ్లు బోలెడు. ఆ లోటును చక్కెర నీళ్లతో, శాకరిన్‌తో, ఆల్ప్రజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ పొడులతో పూడ్చడం మన తెలంగాణలో పాత దందా. ఆ ఏడాది ఎక్సైజ్ దాడులు పెరిగి పొడి ఒక్కసారిగా ఆగిపోయింది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం ఆసుపత్రులకు పరుగెత్తారు. నిద్ర లేదు, మూర్ఛలు, ఎదుట లేనివాళ్లతో మాటలు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తాకిడి పెరిగింది. అది మందు కలిపిన కల్లు తాగి పడ్డ అవస్థ కాదు, ఆ మందు అందక పడ్డది.

మెదడును నిమ్మళింపజేసే ‘గాబా’ అనే రసాయనం పనిని ఈ మందులు పెంచుతాయి. నెలల తరబడి వాడితే మెదడు తన వంతు తగ్గించుకుంటుంది. మందు ఆగగానే నరాలు చెలరేగుతాయి. ఆల్ప్రజోలం సుమారు 11 గంటల్లో సగానికి తగ్గిపోతుంది, డయజెపాం రోజుల తరబడి ఒంట్లో ఉంటుంది. అందుకే డాక్టర్లు చాలాసార్లు డయజెపాంకు మార్చి, మెల్లమెల్లగా మోతాదు దించుతారు. కల్లులో కలిపేదీ అదే మందు! కాకపోతే సీసాలో ఎన్ని మిల్లీగ్రాములున్నాయో పోసేవాడికే తెలియదు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్లు తాగి పలువురు చనిపోతే, పరీక్షల్లో ఆల్ప్రజోలమే తేలింది.

చీటీ లేకుండా ఒక్క గోళీ ఇవ్వకు. 2014 మార్చి నుంచి ఆల్ప్రజోలం, డయజెపాం షెడ్యూల్ హెచ్‌1లో ఉన్నాయి: డాక్టరు, రోగి పేర్లు, మందు, లెక్క రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. అట్లని ఉత్తగా తరిమేయకు, దారిలో మూర్ఛ రావచ్చు. కరీంనగర్ పెద్దాసుపత్రికో, ఆదిలాబాద్ రిమ్స్‌కో పంపు. 14416 టెలిమానస్‌కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

దీనికి పూర్తిగా విరుద్ధమైన భయం ఇంకోటుంది. క్యాన్సర్ నొప్పితో మెలికలు తిరిగే ముసలవ్వకు డాక్టరు మార్ఫిన్ రాస్తే, “అలవాటైతది” అని కొడుకులే దాచేస్తారు. చావుబతుకుల్లో ఉన్న మనిషికి అలవాటు భయమేమిటో! 1985 మాదకద్రవ్యాల చట్టానికి జడిసి ఎన్నో ఆసుపత్రులు మార్ఫిన్ తెప్పించడమే మానేశాయి. 2014 సవరణతోనే దానికి దేశమంతటా ఒకే నియమం వచ్చింది. మార్ఫిన్ నీ దుకాణంలో ఉండదు. అడిగితే హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి దారి చూపు.

నిద్ర గోళీల చీటీ తెచ్చినవాళ్లను ఎన్నాళ్లుగా వాడుతున్నారో అడుగు. డాక్టరుకు చెప్పకుండా ఆపొద్దని కవరు మీద పెద్దక్షరాలతో రాసివ్వు. చదువురాని వాళ్లకు నోటితో చెప్పు, వెంట వచ్చినవాళ్లకు కూడా.

మీ మామ