అదనపు చూచుకములు – అపోహలు, వాస్తవములు

ఆళ్ళగడ్డ శిల్పి రాతిలో మూర్తిని మలచునపుడు కొలతను తప్పడు. కన్ను, వక్షము, నాభి – ప్రతిదానికిని స్థానము ముందే నిర్ణయమై యుండును. ప్రకృతి మలచిన దేహమునందు మాత్రము అప్పుడప్పుడు భేదములు కానవచ్చును. కొందరికి ఛాతీపై రెండు చూచుకములు గాక మూడవది యుండుట అట్టి భేదమే. చూచుటకు పుట్టుమచ్చవలె నుండుటచే అది చనుమొన యని పలువురకు తెలియనే తెలియదు.

దీని మూలము గర్భస్థ దశలో కలదు. సుమారు ఆరవ వారమున పిండమునకు చంకల నుండి గజ్జల వరకు ఇరువైపుల సన్నని గట్లు ఏర్పడును. వీనిని క్షీరరేఖలందురు. కుక్కలలోను, పందులలోను ఈ రేఖల వెంబడి చనుమొనలు వరుసగా నిలుచును. మానవునిలో ఛాతీ వద్దనున్న భాగము తప్ప తక్కినది అణగిపోవును. ఎచ్చటనైన కొంత మిగిలినచో అదియే అదనపు చూచుకము. ఇది స్త్రీపురుషు లిరువురియందును కలదు. వివిధ పరిశీలనలలో దీని నిష్పత్తి నూటికి 0.22 మొదలు 5.6 వరకు కానవచ్చినది. ఆవులకు నాలుగు చన్నులతోపాటు ఐదవది యుండుట పాడిరైతు లెరిగినదే. 1871లో డార్విన్ మానవుని పుట్టుక గూర్చి వ్రాసిన గ్రంథమున దీనిని చర్చించెను. 1915లో కజావా అను శాస్త్రజ్ఞుడు దీనిని ఎనిమిది విధములుగా వర్గీకరించెను.

ఇట్టి గుర్తునకు మనుష్యులు కల్పించిన అర్థములు విచిత్రములు. 1645-47లో ఇంగ్లండు తూర్పు ప్రాంతమున మంత్రగత్తెల వేట సాగినపుడు, నిందితురాండ్ర దేహములపై ఇట్టి మొనలను వెదకి, అవి దయ్యములకు పాలిచ్చునవని నేరము మోపిరి. అదే కాలమున మధురలో తెలుగువాడైన తిరుమల నాయకుడు (1623-59) మీనాక్షి ఆలయమును విస్తరింపజేయుచుండెను. ఆ దేవి మూడు స్తనములతో జన్మించెనని స్థలపురాణము. ఒకచోట ఉరికంబము, ఒకచోట గోపురము!

నేడు మనకు కావలసినది భయమును గాదు, పూజయు గాదు, తెలివిడి. అదనపు చూచుకము సాధారణముగా హాని చేయదు, చికిత్స అవసరము లేదు. పులిపిరి యనుకొని వెంట్రుకతో బిగించి కట్టుట, సున్నము పెట్టుట ప్రమాదకరము. కొందరు స్త్రీలకు చంకలో స్తనకణజాలము మిగిలి, కాన్పు తరువాత పాలు చేరి వాచును. దానిని సెగగడ్డ యని కోయించుకొనరాదు. ఆ కణజాలమునకును స్తనవ్యాధులు రావచ్చును గనుక గడ్డ కట్టినను, రక్తము కారినను వైద్యునికి చూపవలెను. నంద్యాలలో 2023 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలయే కలదు.

పెండ్లి సంబంధముల వేళ దీనిని దోషముగా నెంచి ఆడపిల్లను చిన్నబుచ్చుట అన్యాయము. విద్యార్థినీ విద్యార్థులు ఈ సంగతిని తమ యిండ్లలో తెలియజెప్పుదురు గాక.