ముసురు పట్టకముందే

ఎండాకాలంలో ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టేస్తాం. కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి డబ్బాలకెక్కుతాయి. అంత ముందుచూపున్న ఇళ్ళలోనే అర్ధరాత్రి పిల్లాడి ఒళ్ళు కాలిపోతుంటే థర్మామీటరు కోసం పక్కింటి తలుపు తడతారు. జబ్బు గురించి ముందే ఆలోచిస్తే అపశకునమన్న జంకు మనది. పైగా ఇంటి ముందుచూపంతా ఒక్క ఇల్లాలి బుర్రలోనే ఉంటుంది. ఆవిడే మంచం పట్టిందంటే శొంఠి ఎక్కడుందో, మాత్రలు ఎక్కడున్నాయో మిగతావాళ్ళకు దిక్కు తోచదు.

జ్వరంలో ఉన్న మనిషికి నిదానంగా ఆలోచించే ఓపిక ఉండదు. ఎప్పుడో మిగిలిపోయిన యాంటీబయాటిక్ చేతికందితే అదే మింగేస్తాడు. జలుబు, ఫ్లూ వైరస్‌లతో వచ్చేవి, యాంటీబయాటిక్‌కు లొంగవు. అందుకే ఒంట్లో బాగున్నప్పుడే, తీరిగ్గా కూర్చుని మందుల డబ్బా సర్దుకోవాలి.

డిజిటల్ థర్మామీటరు, పారాసెటమాల్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, మాస్కులు ఉంటే చాలావరకు సరిపోయినట్టే. అసలు జాగ్రత్త వాడకంలో ఉంది. చాలా జలుబు మాత్రల్లో పారాసెటమాల్ కలిసే ఉంటుంది. దాని మీద మళ్ళీ జ్వరం మాత్ర వేసుకుంటే డోసు పెరిగిపోయి కాలేయానికి ముప్పు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకైనా రోజు మొత్తం మీద పారాసెటమాల్ 4 గ్రాములు దాటకూడదు. కాబట్టి ఏ మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో రాయడానికి డబ్బాలో ఒక కాగితం, పెన్ను పెట్టండి. స్ట్రిప్పులోంచి మాత్రలు కత్తిరించేటప్పుడు ఎక్స్‌పైరీ తేదీ ఉన్న కొసను చివరిదాకా ఉంచండి. మనం ముందుగా చింపేది ఎప్పుడూ ఆ కొసనే!

వానాకాలం జ్వరం డెంగీ కూడా కావచ్చు. అది కాదని తేలేదాకా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటివి సొంతంగా వేసుకోకండి. పిల్లలకు పెద్దల మాత్ర విరిచి ఇవ్వడం మానేయాలి. వాళ్ళ డోసు బరువును బట్టి ఉంటుంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందులు 4 ఏళ్ళలోపు పిల్లలకు వాడొద్దని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులోనే చెప్పింది.

మిరియాల కషాయం, అల్లం టీ గొంతుకు హాయినిస్తాయి, నిక్షేపంగా తాగండి. తేనె మాత్రం ఏడాది నిండని బిడ్డకు నాకించకండి. ఆవిరి పట్టేటప్పుడు మరిగే నీళ్ళ గిన్నె దగ్గరికి పిల్లల్ని రానివ్వకండి. కాలిన గాయం జలుబులా వారంలో పోదు.

డబ్బాలో పట్టని సరుకు ఒకటుంది. ఒంట్లో బాగాలేదని నోరు తెరిచి చెప్పడం. జ్వరంతో ఆఫీసుకు వెళ్ళడాన్ని మనం కష్టపడే తత్వమని మెచ్చుకుంటాం. నా దృష్టిలో అది పక్క సీటువాడి మీద దయలేకపోవడం. సెలవు అడగడం, ఇంట్లో సాయం అడగడం కూడా నేర్చుకోవలసిన గుణాలే. ఊపిరి ఆడకపోయినా, ఛాతీ నొప్పెట్టినా, మనిషి మగతగా పడి ఉన్నా డబ్బా వెతకొద్దు, ఆస్పత్రికి వెళ్ళాలి. 108 నంబరు మూత మీదే రాసి పెట్టండి.

ఈ ఆదివారమే డబ్బా సర్దే పని కానివ్వండి. ఆ బాధ్యత మాత్రం ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుంటుందో తెలియని మనిషికి అప్పగించండి.