షుగర్ అనేది ఒకే మాట, జబ్బులు మాత్రం వేరు

మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఏ వీధిలో అడిగినా "మా ఇంట్లో షుగర్ ఉంది" అనేవారు కనిపిస్తారు. పేరు ఒకటే కాబట్టి జబ్బూ ఒకటే అనుకుంటాం. "దాదీ మాత్రతోనే నెట్టుకొస్తోంది కదా, పదేళ్ల పిల్లకు రోజూ సూదులెందుకు?" అనే మాట అక్కడి నుంచే పుడుతుంది. ఆ మాట విని సూది మానిపిస్తే పిల్ల ప్రాణానికే ముప్పు. అందుకే ఈ తేడాలు ప్రతి ఇంటివారూ తెలుసుకోవాలి.

శరీరంలో జరిగేదేమిటి?

మనం తినే అన్నం, రొట్టె, సంగటి జీర్ణమై గ్లూకోజుగా రక్తంలో చేరతాయి. మన కంభం చెరువునే తలచుకోండి. చెరువు నిండా నీళ్లున్నా తూము తెరిస్తేనే పొలం తడుస్తుంది. రక్తం చెరువు, శరీర కణాలు పొలాలు, తూము తెరిచే నీరుగంటి ఇన్సులిన్. జీర్ణాశయం వెనుక ఉండే క్లోమగ్రంథి దీన్ని తయారుచేస్తుంది. తూము తెరుచుకోకపోతే చెరువు పొంగుతుంది, పొలం ఎండుతుంది. అదే షుగర్ వ్యాధి.

టైప్ 1

ఇందులో నీరుగంటే ఉండడు. శరీర రక్షణ వ్యవస్థ ఇన్సులిన్ తయారుచేసే కణాలనే పొరపాటున నాశనం చేస్తుంది. ఎక్కువగా పిల్లల్లో, యువకుల్లో మొదలవుతుంది. మిఠాయిలు తినడం వల్ల వచ్చేది కాదు, తల్లిదండ్రుల తప్పూ కాదు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మానేసిన పక్క తడిపే అలవాటు తిరిగి రావడం, తింటున్నా చిక్కిపోవడం దీని గుర్తులు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత తోడైతే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల బాలుడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువకాలం బతికేవారు కాదు. బాంటింగ్, బెస్ట్, కాలిప్ తమ పేటెంటు హక్కును తలా ఒక్క డాలరుకే టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. టైప్ 1 ఉన్నవారికి ఇన్సులిన్ అన్నంతో సమానం. మాత్రలు, కషాయాలు, పసర్లు దాని స్థానంలో పనికిరావు.

టైప్ 2

మనం ఎక్కువగా చూసేది ఇదే. నీరుగంటి ఉన్నాడు, కానీ తూము బిగుసుకుపోయింది. లాగి లాగి కొన్నేళ్లకు అతనూ అలసిపోతాడు. వంశపారంపర్యం, పొట్ట చుట్టూ కొవ్వు, కదలిక లేని జీవనం దీనికి కారణాలు. ఏళ్ల తరబడి ఏ బాధా లేకుండా ఉండి కళ్లను, మూత్రపిండాలను, కాలి నరాలను దెబ్బతీస్తుంది. స్పర్శ తగ్గిన కాలికి పలకముక్క గుచ్చుకున్నా తెలియదు కనుక రోజూ పాదాలు చూసుకోవాలి. ఆహార నియమం, నడక, మాత్రలతో అదుపులో ఉంటుంది. కొందరికి తర్వాత ఇన్సులిన్ అవసరమవుతుంది. అంతమాత్రాన అది టైప్ 1 అయిపోదు.

గర్భిణుల షుగర్

గర్భధారణలో పుట్టే హార్మోన్ల వల్ల తూము కొంతకాలం బిగుస్తుంది. బిడ్డ మరీ పెద్దదై కాన్పు కష్టం కావచ్చు. గర్భం నిర్ధారణ కాగానే ఒకసారి, 24–28 వారాల మధ్య మరోసారి పరీక్ష చేయించాలి. కాన్పు తర్వాత సాధారణంగా తగ్గిపోతుంది. అయినా ఆ తల్లికి మున్ముందు టైప్ 2 వచ్చే అవకాశం ఎక్కువ కనుక ఆరు వారాలకు, ఆపైన ఏటా పరీక్ష మానకూడదు.

గుర్తుంచుకోవలసిన అంకెలు

పరగడుపున 126, గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం. వీటిలో ఏదైనా ఆ అంకె లేదా అంతకు మించి ఉంటే షుగర్ ఉన్నట్టే. లక్షణాలు లేనివారికి మరోసారి పరీక్షించి నిర్ధారిస్తారు. గర్భిణులకు మాత్రం రెండు గంటల అంకె 140 కంటే తక్కువ ఉండాలి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవారు సుమారు 10.1 కోట్లు. 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఈ పరీక్ష ఉచితం.

రంజాన్, ఎండాకాలం

రోగులకు రోజా నుంచి ధర్మమే సడలింపు ఇచ్చింది. టైప్ 1 ఉన్నవారికి, షుగర్ ఉన్న గర్భిణులకు ఉపవాసం ప్రమాదకరం. టైప్ 2 వారు రంజాన్‌కు ఆరేడు వారాల ముందే డాక్టరును కలిసి మందుల వేళలు మార్చుకోవాలి. రోజాలో ఉండగా షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా వెంటనే విరమించాలి.

మన ఎండలకు ఇన్సులిన్ పాడవుతుంది. ఫ్రిజ్ లేనివారు సీసాను తడవకుండా డబ్బాలో పెట్టి, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో నీడపట్టున ఉంచాలి. ఫ్రిజ్ ఉన్నవారు దాన్ని గడ్డకట్టనివ్వరాదు.

ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు "మాది ఏ రకం షుగర్?" అని అడిగి చీటీ మీద రాయించుకోండి. పక్కింటివారి మందు మీ ఇంటికి పనికిరాదని ఆ చీటీయే చెబుతుంది.