పరిహాసమునుండి పుట్టిన ముసలము

శ్రీమద్భాగవతము ఏకాదశస్కంధము బాలుర పరిహాసముతో మొదలగుచున్నది. ద్వారకకు చేరువనున్న పిండారకక్షేత్రమున విశ్వామిత్రుడు, కణ్వుడు, దుర్వాసుడు, నారదుడు మున్నగు మహర్షులుండగా, యదుకుమారులు జాంబవతీసుతుడైన సాంబునకు గర్భిణివేషము వేసి, వారి యెదుటికి గొనిపోయి, ఈమెకు ఏ శిశువు పుట్టునని వినయము నటించుచు అడిగిరి. మునులు కోపించి, కులనాశకమగు ముసలము పుట్టునని శపించిరి.

పురాణశ్రవణమున ఈ ఘట్టము వచ్చినపుడు మనము భగవత్సంకల్పమని చెప్పి ముందునకు సాగుదుము. అది సత్యమే. కాని గృహస్థులు గమనింపవలసినది వేరొకటి యున్నది. సాంబుని కడుపున ఇనుపరోకలి కానవచ్చినంతనే బాలురు భీతిల్లి, దానిని రాజసభకు తెచ్చి జరిగినదంతయు విన్నవించిరి. పిల్లలు నిజము చెప్పిరి. ఉగ్రసేనుడో, దానిని పొడిచేయించి సముద్రమున కలిపించెను. మునులయొద్దకు పోయి క్షమాపణ వేడిన మాట అచ్చట లేదు. ఆ పొడి ఒడ్డునకు కొట్టుకొనివచ్చి తుంగగా మొలచినది. మిగిలిన ఇనుపముక్కను చేప మ్రింగగా, అది వేటకాని బాణమునకు ములికియైనది. ప్రభాసమున యాదవులు ఒకరినొకరు కొట్టుకొని నశించినది ఆ తుంగతోనే.

నేడు పాఠశాలలలోను, పిల్లల చేతులలోని సెల్‌ఫోనులలోను జరుగుచున్నది ఈ పరిహాసమే. నత్తిగలవానిని, లావుగానున్న బాలికను, తిరునామము ధరించి వచ్చిన బాలుని నలుగురు చేరి ఆటపట్టింతురు. పూర్వము ఆ నవ్వు బడిగంటతో ఆగెడిది. ఇపుడు వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రియు ఆ బిడ్డ దిండు ప్రక్కనే మ్రోగుచున్నది. ఎగతాళి చేసినవాని తండ్రి సంగతి తెలిసి, ఫోను లాగుకొని, ఆ బొమ్మను చెరిపివేసి, ఇక ముగిసినదనుకొనును. అది రోకలిని పొడిచేయుటయే. అప్పటికే ఆ బొమ్మ ఎందరి ఫోనులలోనో చేరియుండును.

పిళ్ళైలోకాచార్యులు శ్రీవచనభూషణమున అపచారములను విభజించుచు, నిష్కారణముగా, ఓర్వలేనితనముతో చేయుదానిని అసహ్యాపచారమని వేరుగా చెప్పిరి. అది ఏదో పెద్దల విషయమని మనము తలంతుము. ప్రక్కబల్లమీది బాలుడును భాగవతుడే కదా!

నేను చదివిన పాఠశాలలో నత్తిగల సహాధ్యాయి యొకడుండెడివాడు. వల్లె వేయునపుడు అతడు తడబడినపుడెల్ల మేము అనుకరించి నవ్వెడివారము. ఒక తెల్లవారుజామున అతడు తన పెట్టెతో వెడలిపోయెను. ఇంటిమీద బెంగ యని పెద్దలనుకొనిరి. కారణము మాకు తెలియును, ఎవ్వరమును చెప్పలేదు. నవ్వినవారిలో నేనును ఒకడను.

బాధపడిన బిడ్డయెడ పెద్దలు ఎట్లు మెలగవలెనో భారతము వనపర్వమున గలదు. అష్టావక్రుడు తాతయైన ఉద్దాలకునే తండ్రి యనుకొని పెరిగెను. పండ్రెండవయేట ఉద్దాలకుని ఒడిలో కూర్చుండగా, మేనమామయైన శ్వేతకేతువు, తానును బాలుడే, అతనిని లాగి, ఇది నీ తండ్రి ఒడి కాదనెను. ఏడ్చుచు వచ్చిన కుమారుని తల్లి సుజాత కసరలేదు. తండ్రి కహోడుడు జనకుని యజ్ఞమున వందితో వాదించి ఓడి నీట ముంచబడిన వృత్తాంతమును, అంతవరకు దాచినదానిని, ఉన్నదున్నట్లు చెప్పెను. పిమ్మట అష్టావక్రుడు ఆ శ్వేతకేతువుతోనే కలసి జనకుని యజ్ఞమునకు బయలుదేరెను. గాయపరచినవాడే తోడు నడచెను.

కావున బిడ్డ ముఖము వాడి యింటికి వచ్చినచో మొదట వినుడు. ఫోను లాగుకొనకుడు, లాగుకొన్నచో మరల చెప్పడు. వచ్చిన సందేశములను చెరిపివేయక భద్రపరచి ప్రధానోపాధ్యాయునకు చూపుడు. పిల్లల సహాయమునకు 1098 అను ఫోను సంఖ్య యున్నది. కళాశాలలలో ర్యాగింగు నేరమని ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1997లోనే చట్టము చేసిరి.

నవ్వినవాడు మన బిడ్డయే యైనచో, వానిని చేయిపట్టుకొని ఆ రెండవ బిడ్డ యింటికి తీసికొనిపొండు. క్షమింపుమను మాట వాడే చెప్పవలెను. తండ్రి వాని బదులు చెప్పరాదు.