వర్లి నుంచి మాంట్‌గోమరీ దాకా: చట్టం వచ్చాక కూడా పోరాటమెందుకు?

పౌరహక్కుల చరిత్రలో పోటీ పరీక్షల అభ్యర్థులు గమనించాల్సిన వరుస ఒకటుంది: ముందు చట్టం, తర్వాత పాంథర్లు. అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటుహక్కు చట్టం వచ్చాక 1966లో ఓక్లండ్‌లో బ్లాక్ పాంథర్ పార్టీ పుట్టింది. మన దగ్గర అస్పృశ్యతను రద్దు చేసిన రాజ్యాంగంలోని 17వ అధికరణ 1950లో, అస్పృశ్యత నేరాల చట్టం 1955లో వచ్చినా, 1972లో ముంబైలో నామ్‌దేవ్ ఢసాళ్, జె.వి. పవార్, రాజా ఢాలే తదితరులు దళిత్ పాంథర్స్‌ను స్థాపించాల్సి వచ్చింది. కాగితం మీది సమానత్వం గడప దాటలేదనడానికి ముంబైలోని వర్లియే సాక్ష్యం. అక్కడి బీడీడీ చాళ్లలో (బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టిన కార్మికుల ఇళ్లలో) కుటుంబానికి 160 చదరపు అడుగుల గది, అంతస్తుకు ఉమ్మడి మరుగుదొడ్లు ఉండేవి. గోడలు పంచుకున్నా కులం చావలేదు: 1974 జనవరి 5న పాంథర్ల సభతో అల్లర్లు రాజుకున్నాయి; 10న నిరసన ఊరేగింపులో పాంథర్ కార్యకర్త భాగవత్ జాధవ్ బలయ్యాడు.

దళిత్ పాంథర్స్ ఉద్యమం అమెరికా అనుకరణే అనేవారున్నారు. పేరు అక్కడిదే. కానీ అమెరికాలో బస్సుల్లో జాతి వివక్షపై మాంట్‌గోమరీ బస్సు బహిష్కరణ 1955లో మొదలైతే, అస్పృశ్యులకు నీటి హక్కు కోసం అంబేద్కర్ నడిపిన మహాడ్ చెరువు సత్యాగ్రహం 1927లోనే జరిగింది. 1946లో అంబేద్కర్ అమెరికా నల్లజాతి మేధావి డుబాయిస్‌కు లేఖ రాశారు. జాతి వేరు, కులం వేరు అన్న మాట నిజమే. పుట్టుకను చూసి మనిషిని వెలివేసే తీరు మాత్రం ఒక్కటే. ఈ చరిత్ర తెలుగువారికీ దూరమైనది కాదు: తెలుగు కామాఠీ కూలీల పేరుతో వెలసిన ముంబైలోని కామాటిపురా పరిసరాల్లోనే ఢసాళ్ పెరిగాడు. తెలుగునాట దళితులపై జరిగిన 1985 కారంచేడు మారణకాండ దళిత మహాసభకు దారితీసింది; ఇలాంటి పోరాటాల తర్వాత 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. తేదీలతోపాటు ఈ వరుసనూ గుర్తుంచుకోండి: చట్టాన్ని బతికించేది ప్రజా పోరాటమే.