బడి మారినా చదువు ఆగొద్దు

హైదరాబాదులో మాదాపూరు ఉంది. అక్కడ 1998లో సైబర్ టవర్స్ మొదలైంది. తరువాత గచ్చిబౌలి, కొండాపూరు దాకా పెద్ద మేడలు లేచాయి. వాటిని కట్టడానికి పాలమూరు నుంచి కూలీలు వచ్చారు. ఒక మేడ పూర్తయితే ఇంకో చోటికి పోతారు. పిల్లల బడి కూడా మారుతుంది.

ఒక తల్లి బిడ్డతో కొత్త సర్కారు బడికి పోయింది.

"టీచరమ్మా, టి.సి. ఇంకా రాలేదు. బిడ్డను చేర్చుకుంటారా?"

"చేర్చుకుంటాం అమ్మా. టి.సి. ఆలస్యమైందని వద్దనకూడదు. 2009 విద్యాహక్కు చట్టం అలా చెప్పింది. పెన్ నంబరు తెచ్చావా?"

"అదేంది?"

"శాశ్వత విద్యా సంఖ్య. 11 అంకెలు ఉంటాయి. బడుల లెక్కలన్నీ కంప్యూటరులో ఉంటాయి. పాత బడివాళ్లు పేరు వదలాలి. అప్పుడు మేము అదే నంబరుతో ఎక్కించుకుంటాం. ఏ తరగతి చదివిందో తెలుస్తుంది. లేకుంటే బిడ్డ బడి మానేసినట్టు లెక్క పడుతుంది."

పెంపుడు ఇంట్లో, హాస్టల్లో పెరిగే పిల్లలకూ ఈ హక్కు ఉంది.

అక్కలారా! ఊరు మారేముందు బడికి పోండి. టి.సి. అడగండి. పెన్ నంబరు మీ చేత్తో రాసుకోండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా!

చెప్పండి:
1. టి.సి. లేకుంటే బడిలో చేర్చుకుంటారా?
2. మీ పిల్లల పెన్ నంబరు ఎంత? ఇక్కడ రాయండి.