చూశాకే సంతకం

చిట్టితల్లీ,

ఫిజియాలజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎంత సంతోషమేసిందో! నీ మెసేజ్ చదివాక మాత్రం కాస్త బెంగ పట్టుకుంది. "కాంపిటెన్సీల పేరెత్తితే చాలు, స్టాఫ్‌రూమ్‌లో పెద్దవాళ్లు మొహం చిట్లిస్తున్నారు పెద్దమ్మా, వీళ్లు మారరు" అన్నావు. చేరి పట్టుమని నెల కాలేదు, అప్పుడే తీర్పులేమిటే? కోప్పడ్డాననుకోకు. నీ ఉత్సాహం నాకు ముచ్చటే.

కానీ వాళ్ల అవస్థా చూడు. 1997 నాటి వైద్యవిద్య నిబంధనలతో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవాళ్లు. 2019 ఆగస్టు ఎంబీబీఎస్ బ్యాచ్‌తో, చదివింది చేసి చూపాలనే ఈ కాంపిటెన్సీల కరిక్యులమ్ వచ్చింది; ఫౌండేషన్ కోర్సు, నడవడిక, నైతికత, మాటతీరు నేర్పే ఎట్‌కామ్, లాగ్‌బుక్ అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. ఏడాది తిరక్కముందే కోవిడ్. చేత్తో నేర్పాల్సినవి ఫోన్ తెర మీద చూపించాల్సి వచ్చింది. నూటయాభై మంది పిల్లల్ని ఒక్కొక్కరినీ పక్కన నిలబడి చూడాలంటే మనుషులు చాలొద్దూ? అప్పట్లో నా దగ్గర గొణిగినవాళ్లలో చాలామంది మంచి టీచర్లు. వాళ్లకు గిట్టనిది చేయించి చూడాలన్న ఆ ఆలోచన కాదు, దాని వెంట వచ్చిన కాగితాల పని.

అలాగని నువ్వు నీరుగారిపోకు. మేం చదివేటప్పుడు రక్తపోటు గురించి పేజీలకు పేజీలు రాసి ఫస్ట్‌క్లాసు తెచ్చుకున్నవాళ్లు, హౌస్‌సర్జన్లయ్యాక కఫ్ కట్టడానికి తడబడేవారు. తెలియడం వేరు, చేసి చూపడం వేరు, రోగి దగ్గర నిజంగా చేయడం వేరని జార్జ్ మిల్లర్ 1990లోనే చెప్పాడు. మన పరీక్షలే తెలియడం దగ్గర ఆగిపోయాయి.

అందుకే ఒక్కటి గట్టిగా చెబుతున్నా. లాగ్‌బుక్కులు దొంతరగా పెట్టుకుని సాయంత్రం సంతకాలు గీకెయ్యకు. 'ఎం' అని ఒక్క అక్షరం వేశావంటే, ఈ పిల్లాడు చేయాల్సినంతా చేశాడని నువ్వు పూచీ పడ్డట్టు. ముందు చూడు. రక్తపోటు చూసేముందు పేషెంటుకు ఏం చేయబోతున్నాడో చెప్పాడా? కఫ్ మోచేతి మడతకు రెండు వేళ్లు పైన కట్టాడా? స్టెతస్కోప్ పెట్టేముందు నాడి పట్టుకుని పై రీడింగు అంచనా వేసుకున్నాడా? గాలి మెల్లగా వదిలాడా? తప్పితే 'రిపీట్' రాసి, ఎక్కడ తప్పాడో అక్కడే మెత్తగా చెప్పు. జాలిపడి వదిలెయ్యకు తల్లీ, రేపు పీహెచ్‌సీలో వాడు ఒక్కడే ఉంటాడు.

ఇక పెద్దవాళ్లతో వాదనకు దిగకు. "సార్, నాడి చూడడం మా బ్యాచ్‌కి మీరొకసారి చేసి చూపిస్తారా?" అని అడుగు. వాళ్ల చేతిలో ఉన్న పనితనం ఏ మాడ్యూల్‌లోనూ దొరకదు. గౌరవంగా పిలిస్తే చాలామంది వస్తారు. స్టాఫ్ చాలడం లేదన్న వాళ్ల మాటను కరిక్యులమ్ కమిటీ మీటింగులో నువ్వే లేవనెత్తు. తమ కష్టం తెలిసినవాళ్ల మాట ఎవరైనా వింటారు.

మొదటి ప్రాక్టికల్ బ్యాచ్ అయ్యాక వివరంగా రాయి. ఎంతమందికి 'రిపీట్' వేశావో దాచకుండా చెప్పు. వేళకు తిను.

నీ పెద్దమ్మ